పెరుగు తోడును చంపే వైరసు - దాని ఎత్తులు

పాలు మంచివే, వేడిమి సరిపోయింది, తోడు కూడా వేశారు. అయినా గంటలు గడిచినా డైరీ తొట్టిలో పులుపు పెరగదు, పాలు గడ్డకట్టవు. పాలలో మందుల అవశేషాలు లేవని తేలితే, తరువాత అనుమానించవలసింది బాక్టీరియోఫేజ్ అనే వైరసును. ఇది మనుషులకు గాని పశువులకు గాని సోకదు. బాక్టీరియాను మాత్రమే చంపుతుంది. చీజ్ తోడులో దీని ఉనికిని న్యూజీలాండ్ శాస్త్రజ్ఞులు వైట్‌హెడ్, కాక్స్ 1935లో తెలియజేశారు. ఇది ఎలా నెగ్గుతుందో ఈ పాఠంలో వివరిస్తున్నాము.

వైరసు బాక్టీరియాకు అతుక్కొని తన డి.ఎన్.ఎ.ను లోపలికి ఎక్కిస్తుంది. బాక్టీరియాకు రెండు ముఖ్యమైన కాపలాలున్నాయి. మొదటిది, పరాయి డి.ఎన్.ఎ.ను కత్తిరించే ఎంజైములు. పశువు చెవికి మనం బిళ్ళ వేసినట్లు, బాక్టీరియా తన డి.ఎన్.ఎ.కు గుర్తులు వేసుకొంటుంది కనుక అది తెగదు. రెండవది క్రిస్పర్. వచ్చిన వైరసు డి.ఎన్.ఎ. ముక్కను దాచుకొని, అదే వైరసు మళ్ళీ వస్తే పోల్చుకొని కోస్తుంది. ఇది 2007లో ప్రయోగపూర్వకంగా రుజువైంది పెరుగు బాక్టీరియా అయిన స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌లోనే.

వైరసు ఎత్తులు ఇవి:

1. మారువేషం: ఇ.కోలై బాక్టీరియాకు సోకే టి4 వైరసు, తన డి.ఎన్.ఎ.లో సైటోసిన్‌కు బదులు దాని మారురూపాన్ని వాడి, దానికి గ్లూకోజు తగిలిస్తుంది. చాలా ఎంజైములు దానిని కోయలేవు.

2. కోట: సూడోమోనాస్ బాక్టీరియాకు సోకే కొన్ని పెద్ద వైరసులు తమ డి.ఎన్.ఎ. చుట్టూ మాంసకృత్తుల పెంకు కట్టుకొంటాయి. డి.ఎన్.ఎ.ను కోసే ఎంజైములు అందులోకి చొరబడలేవని 2020లో వెల్లడైంది.

3. కత్తెరకు అడ్డు: క్రిస్పర్‌ను పనిచేయనీయని మాంసకృత్తులు 2013లో సూడోమోనాస్ వైరసులలోను, తరువాత పెరుగు బాక్టీరియా వైరసులలోను బయటపడ్డాయి. పోల్చుకొనే చోట వైరసు డి.ఎన్.ఎ.లో ఒక్క అక్షరం మారినా క్రిస్పర్ ఏమారవచ్చు.

కనుక ఏ తోడూ ఎల్లకాలం వైరసును తట్టుకోలేదు. డైరీలో తోడు రకాలను మార్చి మార్చి వాడాలి. పాలు విరిగిన తేట నీటిలో ఫేజులు అధికంగా ఉండవచ్చు గనుక దానిని తోడు గది దరిదాపులకు రానీయరాదు. పాశ్చరైజేషన్ వేడిమికి కొన్ని ఫేజులు చావవు. కాబట్టి తొట్లను, గొట్టాలను బాగా కడిగి క్లోరిన్ నీటితో శుద్ధి చేయాలి.

సభ్యులు చేయవలసినది కూడా ఉంది. పొదుగువాపు మందు వాడిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు. ఆ మందు కూడా తోడును చంపుతుంది. అప్పుడు తప్పు మందుదో వైరసుదో తేలేలోపు తొట్టెడు పాలు నష్టపోతాము.