‘పాలిష్ కొడితే పోతుంది సార్’ అనకండి

నికెల్ ప్లేటింగ్ షాపులో ఉద్యోగానికి వెళ్తే, సర్టిఫికెట్ పక్కనపెట్టి మరక పడ్డ ముక్కను చేతికిచ్చి ‘ఇదెందుకొచ్చింది?’ అని అడిగే యజమానులుంటారు. ‘పాలిష్ కొడితే పోతుంది సార్’ అన్నారా, హెల్పర్ జీతమే. ‘ముందు తడిబట్టతో తుడిచి చూస్తా’ అన్నవాడికి పని తెలుసు.

తెల్లటి చుక్కలు, నీరు కారిన చారలు కనిపిస్తే తప్పు ఎక్కువగా కడుగుడులోనే ఉంటుంది. బాలానగర్, జీడిమెట్లలో బోరు నీళ్లతో కడిగే షాపులకిది పాత తలనొప్పి. గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి సున్నపు పొరే ఇక్కడా పడుతుంది. తొట్టిలోంచి ముక్కకు అంటుకొచ్చిన నికెల్ ద్రావణం సరిగా కడక్కపోయినా అంతే. ద్రావణపు మరక తాజాదైతే నీటితోనే పోతుంది. సున్నపు మరకకు వెనిగర్ నీళ్లలో కలిపి తుడిచి, వెంటనే కడిగి ఆరబెట్టాలి. అసలు రాకుండా చూడాలంటే రెండు మూడు తొట్లలో కడిగి, చివర ఖనిజాలు తీసేసిన (డీఎం) వేడి నీటిలో ముంచి, ఆలస్యం చేయకుండా వేడిగాలి పట్టించాలి. ఆపైన గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. చెమటలోని ఉప్పు చాలు, వేలిముద్ర అచ్చుపడిపోతుంది.

గోధుమరంగు చుక్క సంగతి వేరు. అది పైనుంచి పడింది కాదు, లోపలి ఇనుము సూక్ష్మరంధ్రాల్లోంచి తుప్పు కక్కుతోంది. పాలిష్ కొట్టినకొద్దీ పూత పలచబడి తుప్పు ఇంకా పెరుగుతుంది. పాత పూత తీసేసి, ఇనుమును బాగా శుభ్రం చేసి, తగిన మందంతో మళ్లీ వేయడమే దారి.

గుంటల్లో, మూలల్లో నల్లబడితే ద్రావణంలో రాగి లాంటి లోహం చేరిందని అనుమానించాలి. హల్ సెల్ అనే 267 మిల్లీలీటర్ల పరీక్ష తొట్టిలో చిన్న రేకుకు పూత వేసి చూస్తే బయటపడుతుంది. అసలు తొట్టిలో ముడతల రేకు వేలాడదీసి తక్కువ కరెంటు పెడితే ఆ రాగి దానిమీదికి చేరుతుంది. హల్ సెల్ రేకును చదవగలిగితే మీ మాటకు షాపులో విలువుంటుంది.

ఈ పని నేర్చుకోవాలంటే పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రోప్లేటర్ ట్రేడ్ ఉంది, కానీ అన్ని ఐటీఐల్లోనూ దొరకదు. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవారు ల్యాబ్ వైపునుంచి రావచ్చు. లోతుగా చదవాలనుకుంటే తమిళనాడులోని కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ ఉంది.

ఉద్యోగంలో చేరేముందు ఒకసారి తొట్ల దగ్గరికి వెళ్లి ఎగ్జాస్ట్ తిరుగుతోందో లేదో చూడండి. నికెల్ లవణాలు తగిలితే కొందరికి చర్మం దురదపెడుతుంది, తొట్లలోంచి లేచే తుంపరను ఏళ్లతరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు. గ్లౌజులు, మాస్కు ఎవరిస్తారో జీతంతోపాటే అడగండి.