గోడ కట్టినవారి పేర్లు

పాఠ్యభాగములు: నెహెమ్యా 3, 4 అధ్యాయములు, సంఖ్యాకాండము 11:16-30, అపొస్తలుల కార్యములు 6:1-7

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును ఆరాధనలో చదువుమనిన ఎవరును ముందుకు రారు. అంతయు పేర్లే. చదువువారికి నాలుక తిరుగదు, వినువారికి కునుకు వచ్చును. మేమును అనేక సంవత్సరములు ఆ అధ్యాయమును దాటించి నాలుగవ అధ్యాయమునకు పోవుచుంటిమి. అయితే మా అల్వాల్ సంఘములోని స్త్రీలకు వచ్చిన యొక కష్టము మమ్మును ఆ పేర్లయొద్దకు తిరిగి తీసికొని వచ్చినది. ముందు ఆ సంగతి చెప్పి పాఠములోనికి పోవుదము.

అల్వాల్ ఒకప్పుడు సికింద్రాబాదు దండు ప్రక్కనున్న పల్లె. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. ఇక్కడి మన విశ్వాసులలో అనేకులు మేడ్చల్, మెదక్ వైపు గ్రామములనుండి కూలిపనికి వచ్చి నిలిచినవారే గనుక, ఈ సంగతి పల్లెలోని మన చదువరులకు కొత్తగా తోచదు. మా స్త్రీలు పన్నెండుగురు కూడి పొదుపు సంఘముగా ఏర్పడి, బ్యాంకు అప్పు తీసికొని, కుట్టు మిషన్లు కొని, బడిపిల్లల బట్టలు కుట్టుచుండిరి. వారిలో పదవ తరగతి చదివిన సహోదరి యొకతె యుండెను. బడులకు పోయి పని తెచ్చునది ఆమె. కొలతలు తీయునది, గుడ్డ కత్తిరించునది, దుకాణములో అరువు మాట్లాడునది, బ్యాంకుకు పోవునది, కూలి పంచునది, అన్నియు ఆమెయే. తక్కిన పదునొకండుగురు తలవంచుకొని మిషను త్రొక్కుచుండిరి. పని బాగుగానే సాగుచుండెను. మేమును సంఘములో ఆమెను పలుమారులు మెచ్చుకొంటిమి.

జూన్ నెలలో, బడులు తెరచు వేళకు, ఆమెకు కామెర్లు వచ్చెను. వారములకొలది మంచము దిగలేకపోయెను. ఏ బడికి ఏ కొలతలో తక్కినవారికి తెలియదు. గుడ్డ వచ్చి పడియున్నది గాని కత్తెర పట్టుటకు ఎవరికిని ధైర్యము లేదు. పాసుపుస్తకము ఆమె పెట్టెలో నుండెను. పని చేతికి వచ్చిన కాలములో పదునొకండుగురు పనివారు ఊరకనే కూర్చుండిరి. రెండు బడుల పని చేజారెను, రెండు నెలల వాయిదా తప్పెను.

తప్పు ఎవరిది? అన్నియు తన చేతిలోనే పెట్టుకొన్నదని అందరు ఆమెనే అనిరి. మేమును అంటిమి. అయితే ఆమెను చూడబోయినప్పుడు ఆమె మెల్లగా, "రెండేండ్ల కిందనే తలకు మించిన బరువైతుందని మీతోని చెప్పిన గద అయ్యగారూ. నువ్వు గాక ఇంకెవరు చేస్తరమ్మా అన్నరు మీరు" అనెను. నిజమే, అంటిమి. మెచ్చుకోలుగా అంటిమి. ఆ మెచ్చుకోలే ఆమె భుజములమీద కాడి అయినది, తక్కినవారి చేతులకు సంకెల అయినది. ఆ రాత్రి ఇంటికి వచ్చి నెహెమ్యా తెరచితిమి.

యెరూషలేము గోడ ఏబదిరెండు దినములలో ముగిసెనని ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. కట్టినవారు తాపీ పనివారు మాత్రమే కారు. ప్రధాన యాజకుడైన ఎల్యాషీబు తన సహోదర యాజకులతో కూడ గొఱ్ఱెల గుమ్మము కట్టెను. బంగారపు పనివారు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు తలకొక భాగము పట్టుకొనిరి. పండ్రెండవ వచనములో షల్లూము అను అధిపతియు అతని కుమార్తెలును కనబడుదురు. ఆ దినములలో ఆడపిల్లలు రాయి మోసి కట్టిరని వ్రాసి పెట్టుట చిన్న సంగతి కాదు. తెకోవ ఊరి ఘనులు మాత్రము మెడ వంచలేదు. ఆ మాటయు దాచక వ్రాయబడినది. అయినను ఆ ఊరి సామాన్యులు తమ భాగము ముగించి, ఇరువదియేడవ వచనములో మరియొక భాగము కూడ కట్టిరి. పెద్దలు రాలేదని పని ఆపినవారు కారు.

ఇందులో మరి యొక సంగతి చూడుడి. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా ఉన్న భాగమునే కట్టిరి. తన యింటి ముందర గోడకు సందు మిగిలిన శత్రువు మొదట తన యింటిలోనికే వచ్చును గదా. కావున అక్కడ పర్యవేక్షించువాడు నిలువ నక్కరలేదు. ఆ మూరెడు గోడకు కట్టువాడే నాయకుడు. మరి నెహెమ్యా ఏమి చేసెను? నాలుగవ అధ్యాయములో బూర ఊదువాడు అతని ప్రక్కను నిలిచియుండెను. పని విశాలము, మనము ఎడముగా నున్నాము, బూర వినబడిన చోటికి రండని అతడు చెప్పెను. నాయకత్వము పంచుకొనుట యనగా నాయకుడు లేకుండుట కాదు. నెహెమ్యా బూరను తనయొద్ద ఉంచుకొనెను, రాళ్లను వారి కప్పగించెను. మనమో రాళ్లన్నియు ఒక్కరి నెత్తిన పెట్టి, బూర ఎక్కడనున్నదో మరచిపోదుము.

నాయకత్వమును గూర్చి ప్రసంగించునప్పుడు మనవారు సాధారణముగా యిత్రో మోషేకు చెప్పిన ఆలోచనను ఎత్తుకొందురు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించుట మంచి యేర్పాటే. అయితే అది భారమును మెట్లు మెట్లుగా దించుట మాత్రమే. పదిమందిలో పదవవాడు అప్పటికిని వినువాడే గాని చెప్పువాడు కాడు. సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయము ఇంకను దూరము పోవుచున్నదని మా తలంపు. అక్కడ డెబ్బదిమంది పెద్దలు మోషేతో కూడ భారము మోయుటకు ఆత్మను పొందిరి. గుడారమునొద్దకు రాక పాళెములోనే నిలిచిపోయిన ఎల్దాదు, మేదాదు అను ఇద్దరును ప్రవచించిరి. వారిని ఆపుమని అడిగినదెవరు? మోషే కాదు; చిన్నతనమునుండి మోషేయొద్ద పరిచర్య చేసిన యెహోషువ. మోషే అయితే, నా నిమిత్తము నీకు రోషమా అని అడిగి, ప్రజలందరును అట్లే కావలెనని కోరెను. పనిచోటులను మీరే చూడుడి. మేస్త్రి పని పంచుటకు ఒప్పుకొనును. అతని ప్రక్కన చాలకాలము నిలిచినవాడు ఒప్పుకొనడు. మా కుట్టుపనిలోను సహోదరి తాళములు ఇచ్చుటకు సిద్ధముగా నుండగా, అడ్డుపడినవారు ఆమెను ప్రేమించువారే.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములోని ఏడుగురిని గూర్చి ఒక మాట. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని సణిగినవారు గ్రీకుభాష మాటలాడు యూదులు. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు వరకు అన్నియు గ్రీకు పేర్లే. కొరత ఎవరికి తగిలెనో ఆ వైపువారి చేతికే సంఘము బల్ల నప్పగించినట్లున్నది. సణుగువాని నోరు మూయించుట మన వాడుక. అతని చేతికి లెక్క పుస్తకమిచ్చుట వారి వాడుక.

మన తెలుగుదేశములోను ఇట్టి గోడలు కట్టబడినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాను ఎదిరించి లేచిరి. రోశమ్మ పేరు అందరెరిగినదే. అయినను ఆ ఉద్యమము ఆమె ఒక్కతె ఊరూరు తిరిగి నడిపినది కాదు. ఏ ఊరి స్త్రీలు ఆ ఊరి సారా దుకాణము ఎదుట నిలిచిరి, తమ యింటికి ఎదురుగా నున్న గోడ కట్టినట్లుగా. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడెను. ఆ దశాబ్దములోనే డ్వాక్రా సంఘములు పల్లెపల్లెకు వ్యాపించినవి. క్రమముగా కూడుట, పొదుపు చేయుట, అప్పు ఇచ్చుకొనుట, తిరిగి కట్టుట, పుస్తకములు వ్రాయుట అను పంచసూత్రములు మీ స్త్రీలకు కంఠపాఠమై యుండును. నాయకురాండ్రు కొంత కాలమునకు మారవలెనని కూడ వారికి నేర్పబడినది. ఎక్కువగా మరువబడునది ఇదియే. సంతకము చేయగలది ఆమెయే, బ్యాంకువారు ఎరిగినది ఆమెనే యని, సంవత్సరములు గడచును.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారిని గూర్చి పెద్దలు చెప్పుట మీరు వినియుందురు. ఆయన 1909లో తిరునెల్వేలినుండి దోర్నకలుకు వచ్చి, 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకింపబడి, 1945 జనవరి 1న మరణించువరకు అక్కడ పరిచర్య చేసిరి. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోయిన తమకు శ్రమ యని పలుకునట్లు ఆయన చేసిరి. పలికినవారిలో అక్షరము రాని కూలివారు అనేకులు. గురువుగారు వచ్చి చెప్పుదురులే యని కూర్చుండుటకు వారికి వీలులేకపోయెను.

ఇక మా స్త్రీల సంగతి. సహోదరి లేచి తిరుగునప్పటికి వారు పని పంచుకొనిరి. వారపు కూటమును ప్రతి వారము వేరొకరు నడుపవలెను. బ్యాంకుకు ఇద్దరిద్దరు వంతులవారీగా పోవలెను. కొలతలు గోడమీద వ్రేలాడు పుస్తకములో ఉండవలెను. కూలి లెక్కలో ఎప్పుడును తగవు పెట్టు నామెకే లెక్క పుస్తకము ఇచ్చిరి. అప్పటినుండి ఆమె తగవు మా చెవిని పడలేదు. అక్షరము రాని వృద్ధురాలొకతె డబ్బు లెక్కించుటలో అందరికంటె నేర్పరి యని పదేండ్ల తరువాత బయలుపడెను.

అంతయు సాఫీగా నడిచెనని చెప్పము. మొదటి నెల కత్తెర పట్టిన చిన్నది ఎనిమిది గౌనులకు గుడ్డ పాడుచేసెను. అది ఆమె కూలిలో పట్టుకొందమని కొందరనగా, కామెర్లనుండి లేచిన సహోదరి, తాను నేర్చుకొన్న నాడు పాడుచేసిన గుడ్డ ఎవరి కూలిలో పట్టిరని అడిగెను. ఎవరును పలుకలేదు. నష్టమును పన్నెండు భాగములు చేసి పంచుకొనిరి. ఆ చిన్నది ఏడ్చుచు కత్తెర తిరిగి ఇచ్చివేయబోగా తీసికొనలేదు. మరుసటి వారము కత్తిరించునప్పుడు సహోదరి ప్రక్కన నిలిచియుండెను గాని, చేయి చాపలేదు.

గత జూన్‌లో ఆ సహోదరి తన తల్లిని చూడ పల్లెకు పోయి పది దినములుండెను. బడిపిల్లల బట్టలు చెప్పిన దినమునకే అందినవి.