వాణిజ్య భవన్‌లో చేరబోతున్న మనవరాలికి

రామచంద్రపురం



ఫారిన్ సర్వీసు చేజారి ట్రేడ్ సర్వీసు వచ్చిందని నువ్వు చిన్నబుచ్చుకున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ ఉద్యోగం పేరు చెబితే చుట్టాలకు అర్థం కావడం లేదని కూడా అన్నావట. చుట్టాల సంగతి వదిలెయ్. మన వైపు కలెక్టరూ, ఎస్సై తప్ప మూడో సర్కారు ఉద్యోగం ఎవరికీ ఆనదు. నేను కాకినాడ కస్టమ్స్‌లో ఏం చేసేవాణ్ణో మీ చిన్నమ్మమ్మకే సరిగా తెలియదు.

నీకో మనిషి గురించి చెప్పాలి. పేరు జయకృష్ణ కట్టారీ. మారిషస్‌లో 2000 నుంచి అంతర్జాతీయ వాణిజ్యం, తర్వాత దానితో పాటు విదేశాంగం చూసిన మంత్రి. మారిషస్ మనకు కొత్త పేరేం కాదు. 19వ శతాబ్దంలో మన కోరంగి వైపు రేవుల్లో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి పోయినవాళ్ళ సంతానం అక్కడ ఇప్పటికీ తెలుగు చదువుకుంటోంది. ఉగాదికి ప్రభుత్వమే సెలవిస్తుంది. కట్టారీ పూర్వీకులది ఏ ఊరని మాత్రం నన్నడక్కు, నాకు కావలసింది ఆయన చేసిన పని.

ఆ దీవి జనాభా అప్పట్లో పన్నెండు లక్షల చిల్లర. 1975 ఫిబ్రవరి 28న లోమేలో యూరప్ వాళ్ళతో కుదిరిన ఒప్పందంలో చక్కెరకు ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ రాసుకున్నారు. ఏటా ఇంత పంచదార, ఇంత ధరకు కొంటామని, దానికి కాలపరిమితి లేదని. కోటాలో అందరికంటే పెద్ద వాటా మారిషస్‌ది. ప్రపంచ మార్కెట్‌లో పలికే ధరకు రెండు మూడు రెట్లు వచ్చిన సంవత్సరాలున్నాయి. చెల్లూరు ఫ్యాక్టరీకి చెరకు తోలిన మన రైతుకు చెప్పి చూడు, ధర ముందే ఖాయం కావడమంటే ఏమిటో ఇట్టే గ్రహిస్తాడు.

ఆ తర్వాత బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ కలిసి యూరప్ చక్కెర విధానం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. ఆ కేసులో మారిషస్ వాది కాదు, ప్రతివాదీ కాదు, కాగితాల మీద మూడో పక్షం. 2005 ఏప్రిల్‌లో అప్పీలు తీర్పు యూరప్‌కు వ్యతిరేకంగా వచ్చింది. దాంతో యూరప్ చక్కెర ధరను నాలుగేళ్ళలో 36 శాతం తగ్గించింది, కాలపరిమితి లేదన్న ప్రోటోకాల్ 2009 సెప్టెంబరు ఆఖరుకు ముగిసిపోయింది. పెద్దవాళ్ళు తమలో తాము కొట్లాడుకుంటే గది బయట నిలబడ్డవాడి జీవనం పోయింది. దానికి తోడు 2005 జనవరి 1తోనే బట్టల కోటాలూ ఎత్తేశారు. అప్పట్లో ఆ దేశం ఎక్కువగా బతికింది చక్కెర మీద, బట్టల మిల్లుల మీద.

ఇలాంటి దేశం తరఫున బల్ల ముందు కూర్చునేవాడి చేతిలో ఏముంటుంది? సరుకు లేదు, మార్కెట్ లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో నలుగురైదుగురు మనుషులే అన్ని కమిటీలకూ పరిగెత్తాలి. ఉన్నదల్లా అలాంటివాళ్ళనే పదిమందిని పోగుచేయడం, కాగితం ఎదుటివాడికన్నా ముందే చదివి రావడం. 2004 జులైలో జి-90 అనే పేద, చిన్న దేశాల కూటమి మంత్రులను మారిషస్ తన గడ్డ మీద సమావేశపరిచింది. యూరప్ తరఫున పాస్కల్ లామీ, అమెరికా తరఫున రాబర్ట్ జోలిక్ అక్కడికే వచ్చారు. మూడు వారాల్లో జెనీవాలో కుదిరిన ఒడంబడికలో, పేద దేశాలు వద్దు మొర్రో అన్న నాలుగు కొత్త చర్చాంశాల్లో, అంటే ‘సింగపూర్ అంశాల’లో, మూడు పక్కకు పోయాయి. ఆ గెలుపు మారిషస్ ఒక్కదానిదే అనను. కానీ పిలిచింది ఆ దీవి, వెళ్ళింది పెద్దవాళ్ళు.

మరుసటి ఏడు ప్రపంచ వాణిజ్య సంస్థ డైరెక్టర్ జనరల్ పదవికి కట్టారీ నిలబడ్డారు. ప్రత్యర్థి ఎవరనుకున్నావు? ఆ లామీయే. అంతకుముందు దాకా, కట్టారీ దేశపు పంచదార కొనే యూరప్‌కు వాణిజ్య కమిషనర్! పదవి లామీకే దక్కింది. ఆ ఏడు జులైలోనే ఎన్నికల్లో ఓడి, కట్టారీ మంత్రిగా ఉన్న ప్రభుత్వమూ దిగిపోయింది, మిగతా బేరం వేరేవాళ్ళు చూసుకున్నారు. ఇన్ని ఓటములున్నా ఆయన్ని నేను గౌరవిస్తాను. చిన్న దేశం నుంచి వచ్చినవాడు ఆ కుర్చీ అడగడమే అప్పటికి పెద్ద సంగతి.

ఇంకొకటి. ప్రపంచ వాణిజ్య సంస్థ 2001 దోహా ప్రకటన 35వ పేరా చదువు. చిన్న ఆర్థిక వ్యవస్థల కోసం పని మొదలుపెట్టమన్నారు, ఆ నోటితోనే వాళ్ళను వేరే వర్గంగా గుర్తించకూడదన్నారు. ఇస్తూ వెనక్కి లాక్కోవడం. ఇలాంటి వాక్యాలు పట్టుకోవడమే రేపు నీ ఉద్యోగం.

ఇంతకీ నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు కూర్చోబోయేది పెద్దవాళ్ళ వైపు. అమెరికా ముందు మనం చిన్నవాళ్ళమే కావచ్చు, బియ్యం దగ్గర కాదు. 2022లో ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో దాదాపు 40 శాతం మనవి. కాకినాడ యాంకరేజి పోర్టులో బార్జీలకెక్కిన బస్తాలు పశ్చిమ ఆఫ్రికా పొయ్యిల మీద ఉడుకుతాయి. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించిన నోటిఫికేషన్ వాణిజ్య భవన్‌లో నువ్వు చేరబోయే డీజీఎఫ్‌టీదే, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్‌దే. ఇక్కడ మిల్లుల అరుగుల మీద ధర గురించే మాట్లాడుకున్నారు. కొనేవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ వినలేదు. ఆగస్టు నెలాఖరున మారిషస్‌కు 14,000 టన్నులు అనుమతించారు. అది మనకు ఒక ఓడ సరుకు. నిషేధం 2024 సెప్టెంబరు దాకా ఉంది.

నిషేధం తప్పని నేననను. ఇంట్లో బియ్యం ధర పెరిగితే ఏ ప్రభుత్వమైనా ఆ పనే చేస్తుంది, వాణిజ్య ఒప్పందం కూడా కొరత వేళ తాత్కాలికంగా ఒప్పుకుంటుంది. అయితే ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో 12వ అధికరణం ఉంది. ఆహారం ఎగుమతి ఆపే దేశం ముందుగా రాతపూర్వకంగా తెలపాలి, కొనే దేశాల తిండి సంగతి ఆలోచించాలి. వర్ధమాన దేశాలకు మినహాయింపు ఇస్తూనే, ఆ సరుకును నికరంగా ఎగుమతి చేసే దేశానికి అది వర్తించదన్నారు. బియ్యంలో మనం ఆ కోవలోకే వస్తాం.

ట్రైనింగులో ఉండగానే ఫ్రెంచి నేర్చుకో. సెనెగల్, బెనిన్, ఐవరీ కోస్ట్ వాళ్ళు మనసులో మాట ఆ భాషలోనే చెబుతారు. ఏ కేసు ఫైలు చదివినా మూడో పక్షాల వాదన పేజీలు దాటెయ్యకు. ఫ్రెంచి క్లాసుల ఫీజు ఎంతైనా నేను పంపిస్తాను, మీ నాన్నను అడగొద్దు.

ఎప్పుడైనా అలాంటి నోటిఫికేషన్ ఫైలు నీ బల్ల మీదికొస్తే, సంతకానికి పంపేముందు కొనే దేశం హైకమిషన్‌కు ఒక్క ఫోను చెయ్యమ్మా.

ఇట్లు,
చిన్న తాతయ్య