మధుమేహము: అరికాళ్ళ మంట కొందరికే ఏల?

పదేండ్లుగా చక్కెర వ్యాధి గల ఇరువురు రైతులు ఒకే గ్రామమున ఉన్నారనుకొందము. ఒకరికి రాత్రి పడుకొనగానే అరికాళ్ళు నిప్పులపై నుంచినట్లు మండును. దుప్పటి తగిలినను ఓర్వలేరు. రెండవవారికి ఏ బాధయు లేదు. నరములు చెడినది ఎవరికి? ఇరువురికిని చెడియుండవచ్చును.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి అధికముగా నున్నచో నరముల తంతువులును, వానికి రక్తము నందించు సన్నని నాళములును దెబ్బతినును. పాదములకు పోవు నరములు మిక్కిలి పొడవైనవి. కనుక చెరుపు కాలివ్రేళ్ళయందే మొదలై పైకి ప్రాకును. కాలువలో నీరు తగ్గినచో చివరి పొలమే ముందుగా ఎండుట మనమెరిగినదే.

నరము చెడినచో స్పర్శ పోవలెను గాని మంట ఏల? నొప్పి వార్తను మోయు సన్నని తంతువులు పూర్తిగా నశింపక సగము చెడి నిలిచినచో, వాని పొరలలో సోడియమును లోనికి విడుచు ద్వారములు కారణము లేకయే తెరచుకొనును. ముల్లు గ్రుచ్చుకొనకయే ముల్లు గ్రుచ్చుకొనినదను వార్త పోవును. రేయింబవళ్ళు ఇట్టి వార్తలు వచ్చుటచే వెన్నుపాము సైతము అతి సున్నితమై, దుప్పటి తాకిడినే నొప్పిగా గ్రహించును. నొప్పిని అణచుటకు మెదడునుండి దిగివచ్చు ఆజ్ఞలు కొందరిలో బలహీనములు. ఆ సోడియము ద్వారములకు సంబంధించిన జన్యువులలో పుట్టుకతోనే తేడా గలవారును కొందరు కలరు. అందుచేతనే మంటను బట్టి నరము ఎంత చెడినదో కొలువరాదు.

మంట గలవారు తమంత తామే వైద్యుని యొద్దకు పోవుదురు. మాకు ఎక్కువ భయము మంట లేనివారిని గూర్చియే. చెప్పులో చేరిన గులకరాయి, ఎండకు కాగిన బండ, కాళ్ళు పెట్టుకొను వేడినీరు, ఇవేవియు వారికి తెలియవు. పుండు చీము పట్టిన పిదప చూచుకొందురు. అప్పటికి ఒక్కొక్కప్పుడు కాలు తీసివేయక తప్పదు. పరీక్ష మాత్రము కడు సులభము. నైలాను పోగు నొకదానిని 10 గ్రాముల ఒత్తిడితో పాదమున కానించి, తెలియుచున్నదా యని అడుగుదురు. చక్కెర వ్యాధి గల ప్రతివారికి ఏటికొకమారైనను పాదపరీక్ష జరుగవలెను. మీ వార్డులో ఎవరికి జరిగినదో, ఎవరికి జరుగలేదో ఆశా కార్యకర్తతో కూర్చుండి చూచుకొనుట సభ్యులకు ఒక పూట పని.

మంటకు సామాన్యపు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు; వానిలో పెక్కింటిని నెలల తరబడి మ్రింగినచో మూత్రపిండములకు చేటు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులు కొందరికి ఉపశమనము కలిగించును. వానిని వైద్యుడు వ్రాసి యీయవలెను. మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికి బి12 విటమిను తగ్గియు తిమ్మిరులు రావచ్చును కనుక దానిని కూడ పరీక్షింపుమని అడుగుట మేలు.

మరియొక మాట. మందు లేకయే మంట చల్లారినచో వ్యాధి నయమైనదని తలంపరాదు. తంతువులు పూర్తిగా నశించినను మంట ఆగును. అట్టివారి పాదములను వెంటనే వైద్యునకు చూపింపవలెను.