పూర్వ విద్యార్థుల పట్టిక



జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో హైదరాబాదులో ఒక విద్యాలయం పెట్టారు. జాగీర్లు రద్దయ్యాక, 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. అక్కడ చదివిన శంతను నారాయణ్ 2007లో అడోబీకి, సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌కు అధిపతులయ్యారు.

అదే 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు.

పెద్ద స్కూళ్లు తమ పిల్లల పేర్లు తరతరాలుగా చెప్పుకుంటాయి. ఆ పేర్లే కొత్తగా చేరినవాడికి ధైర్యం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ట్రంకుపెట్టెతో కర్లపాలెంలో దిగిననాడు ఎవరిని చూసి నడవాలో నాకు తెలియదు.

వార్షికోత్సవానికి వచ్చిన అన్నలారా! టీచరైనా, కానిస్టేబులైనా, రైతైనా సరే, మీ పేరు, ఊరు, చదువు, పని రాసివ్వండి. మన పట్టిక ఈ ఏడే మొదలుపెడదాం.