కంటి వెనుక గండి

రక్తప్రసరణ పాఠం చెబుతుండగా ఒకసారి ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ! ధమనిలోని రక్తం తిన్నగా సిరలోకి పోతే ఏమవుతుంది?” అని అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు మన కంటి వెనుక ఉన్నది.

గుండె ముడుచుకొన్నప్పుడు పెద్ద ధమనుల్లో రక్తపీడనం సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. రక్తం కేశనాళికలగుండా సాగి సిరలను చేరేసరికి ఆ వేగం, ఆ ఒత్తిడి చాలావరకు తగ్గిపోతాయి. అందుకే సిరల గోడలు పలచగా ఉన్నా చెక్కుచెదరవు.

కళ్ళ వెనుక, పుర్రె అడుగున, పిట్యూటరీ గ్రంథికి రెండు పక్కలా చెరొక సిరల మడుగు ఉన్నది. దాని పేరు కావెర్నస్ సైనస్. కంటి నుంచి వచ్చే సిరలు అందులో కలుస్తాయి. విచిత్రమేమంటే, మెదడుకు రక్తం తీసుకొనిపోయే కెరోటిడ్ ధమని ఈ మడుగు మధ్య నుంచే పోతుంది, చెరువులో వేసిన నీటి గొట్టంలాగా! కనుగుడ్డును తిప్పే నాడులదీ ఇదే దారి.

తలకు గట్టి దెబ్బ తగిలితే ఈ గొట్టం చిరగవచ్చు. ఒక్కొక్కసారి దెబ్బ తగలకుండానే, చుట్టూ ఉన్న పొరలోని సన్నని ధమనులు మడుగులోకి తెరుచుకొంటాయి. ఈ అడ్డదారినే ఫిస్ట్యులా అంటారు. అప్పుడు సిరల్లో రక్తం ఎదురు తిరిగి కంటివైపు పొంగుతుంది. కన్ను ఎర్రబడుతుంది, ముందుకు పొడుచుకొని వస్తుంది. వస్తువులు రెండుగా కనబడవచ్చు. కొందరికి నాడి కొట్టుకొన్నప్పుడల్లా తలలో ‘హుస్‌, హుస్‌’మని చప్పుడు వినిపిస్తుంది. చికిత్స ఆలస్యమైతే చూపే పోవచ్చు.

1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్ అనే శస్త్రవైద్యుడు ఇటువంటి రోగికి మెడలోని ధమనిని దారంతో కట్టివేశాడు. కాని మెదడు అడుగున ధమనులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి గనుక, అలా కట్టినా రక్తం వేరే వైపు నుంచి గండిని చేరగలదు. 1974లో మాస్కో వైద్యుడు సెర్బినెంకో, ధమని లోపలి నుంచే చిన్న బెలూన్ పంపి గండి మూసే పద్ధతిని ప్రకటించాడు.

మరి గండి ఒకటి కాక, అనేక సన్నని ధమనులు కలిసినప్పుడో? ప్రతి పిల్లకాలువనూ మూయటం కష్టం. అందుచేత అవన్నీ చేరే మడుగునే పూడ్చాలి. అక్కడికి సిరల దారిలో పోతారు.

దారి ఇది: తొడ సిరలో సన్నని గొట్టం దూర్చుతారు. అది అధో బృహత్సిర ద్వారా గుండె కుడి కర్ణికను చేరుతుంది. అక్కడి నుంచి ఊర్ధ్వ బృహత్సిర, మెడలోని జుగులార్ సిర, పుర్రె అడుగున ఉన్న దిగువ పెట్రోసల్ సైనస్ మీదుగా మడుగును చేరుతుంది. వైద్యులు దీన్నంతా ఎక్స్‌-రే తెరపై చూస్తూ నడుపుతారు. చేరిన తరువాత సన్నని ప్లాటినం తీగచుట్టలను మడుగులో నింపుతారు. వాటి చుట్టూ రక్తం గడ్డకట్టి గండి మూసుకొంటుంది.

ఆ దారి మూసుకొనిపోయి ఉంటే? ముఖ సిర మీదుగా, కంటి పైభాగంలోని సిరగుండా పోవచ్చు. అదీ కుదరకపోతే పైరెప్పవద్ద చిన్న కోత పెట్టి ఆ సిరనే పట్టుకొంటారు. అయితే బయటికిపోయే తూమును మాత్రమే మూసి మడుగును వదిలేయకూడదు. రక్తం మెదడు సిరల్లోకి ఎదురెక్కి మరింత ప్రమాదం తెస్తుంది.

ముక్కు పక్కన లేచిన సెగగడ్డను గిల్లవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. ముఖం నుంచి మడుగుకు పోయే ఆ దారిలోనే చీము కూడా లోపలికి పోగలదు. దెబ్బ తగిలిన కొద్ది రోజులకో, వారాలకో కన్ను ఎర్రబడి ఉబికితే మామూలు కళ్ళకలక అనుకొని ఊరుకోకండి. వెంటనే కంటి వైద్యునికి చూపించండి.

చేసి చూడండి: తొడ నుంచి కంటి వెనుక వరకు గొట్టం పోయే దారిని పటం గీయండి. రక్తం పోయే దిశను బాణం గుర్తులతో చూపండి. గొట్టం ఎక్కడివరకు రక్తంతో కలిసి పోతున్నది? ఎక్కడ నుంచి ఎదురీదుతున్నది?