సర్వో మోత: విప్పే ముందు వినండి

రోబో చేతికి బిగించిన ఎస్‌జీ 90 సర్వో ఉన్నచోటే ఉండి జుయ్‌మంటుంటే చాలామంది ముందు స్క్రూడ్రైవర్ అందుకుంటారు. తొందరొద్దు. గేర్లు ఆఖర్న చూడాల్సినవి.

ముందు షాఫ్ట్ మీద బిగించిన హార్న్ ఊడదీసి, ఖాళీగా తిప్పి చూడండి. మోత ఆగిందా? అయితే గొడవంతా బరువుది. చెయ్యి కాస్త కిందికి వాలినా లోపలి పొటెన్షియోమీటర్ పసిగడుతుంది, మోటారు మళ్లీ పైకి లాగుతుంది. సన్నటి మూలుగైతే పట్టించుకోనక్కర్లేదు. డిజిటల్ సర్వోల్లో అది ఇంకాస్త కీచుగా ఉంటుంది. గట్టిగా ఉంటే చెయ్యి పొట్టి చెయ్యాలి, లేదా పెద్ద సర్వో పెట్టాలి.

ఖాళీగా తిప్పినా 0 దగ్గరో 180 దగ్గరో మోగుతుంటే, లోపలి అడ్డు తగిలినా ఇంకా తిరగమని మనమే పోరుతున్నామన్నమాట. నా మటుకు నేను మొదట అనుమానించేది దీన్నే. ఆర్డునో సర్వో లైబ్రరీ మామూలుగా 544 నుంచి 2400 మైక్రోసెకండ్ల దాకా పల్స్ పంపుతుంది. చవక సర్వోలన్నీ అంత దూరం తిరగలేవు. అలాగే వదిలేస్తే మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. ఆ లైబ్రరీలోని రైట్‌మైక్రోసెకండ్స్‌తో 1500 దగ్గర మొదలుపెట్టి, 50 చొప్పున పెంచుతూ వెళ్లండి. మోత మొదలైన చోటి నుంచి కాస్త వెనక్కి వచ్చి ఆ అంకె రాసుకోండి. రెండో వైపు తగ్గిస్తూ, అంతే. ఆ రెండంకెలూ అటాచ్ ఫంక్షన్‌లో ఇస్తే సరి.

మోతకు తోడు వణుకు కూడా ఉంటే కరెంటు చూడండి. బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి సర్వోను నడపడం చెడ్డ అలవాటు. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ విడిగా ఇవ్వండి. దాని గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌తో కలపడం మరవద్దు. సర్వో పక్కనే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుని.

అప్పటికీ వణికితే తప్పు సిగ్నల్‌లో ఉండొచ్చు. అదే ప్రోగ్రాంలో సాఫ్ట్‌వేర్‌సీరియల్ నడుస్తుంటే, అది ఇంటరప్టులు ఆపినప్పుడల్లా పల్స్ కొలత చెదురుతుంది. రాస్ప్‌బెర్రీ పై మీదైతే, పల్స్‌లు తనే పంపే పీసీఏ 9685 బోర్డు తగిలిస్తే ఈ బెడద తీరుతుంది.

ఇక గేర్లు. కరెంటు తీసేసి షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. ఒక్కచోటే పట్టేస్తే పన్ను విరిగినట్టే. ఎస్‌జీ 90కి రిపేరు చెయ్యడం కన్నా కొత్తది కొనడమే మేలు. కొత్తదానికి ముందు 1500 పంపి, అది నడిమికి వచ్చాకే హార్న్ బిగించండి.